హజ్రత్ ఖ్వాజా బందా నవాజ్ గేసూదరాజ్ (రహ్మ)

బందేనవాజ్ పేరు వినని ముస్లిం ఇల్లు తెలంగాణలో అరుదు. గుల్బర్గా (నేటి కలబురగి) దర్గాకు వెళ్ళి వచ్చేవారు మనలో ఎందరో ఉన్నారు. కాని ఆ మహనీయుని జీవితం తెలిసినవారు తక్కువ.

ఆయన అసలు పేరు సయ్యద్ ముహమ్మద్ హుసైనీ. 1321లో (హి. 721) ఢిల్లీలో జన్మించారు. ముహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని దౌలతాబాద్‌కు మార్చిన రోజుల్లో తల్లిదండ్రులతో దక్కన్‌కు వచ్చారు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయారు. సుమారు పదిహేనేళ్ళ ప్రాయంలో తల్లితో ఢిల్లీ తిరిగి వెళ్ళి, హజ్రత్ నసీరుద్దీన్ చిరాగ్ దెహ్లవీ (రహ్మ) చేతిపై బైఅత్ చేశారు.

ఒకనాడు గురువు పల్లకీని మోస్తుండగా ఆయన పొడవాటి జుట్టు పల్లకీకి చిక్కుకుందనీ, గురువు మీది గౌరవంతో బాధను ఓర్చుకుని అలాగే నడిచారనీ చెబుతారు. ‘గేసూదరాజ్’ అంటే పొడవైన కురులు గలవాడు అని అర్థం.

జిక్ర్, ఆరాధనల్లో మునిగి చదువు మానేయాలని ఆయన అనుకున్నప్పుడు గురువు అంగీకరించలేదు. ముందు ధర్మవిద్య పూర్తిచేయమన్నారు. ఆయన శిరసావహించారు. ఆ ఆజ్ఞ ఫలం జీవితాంతం కనిపించింది. ఖుర్ఆన్ వ్యాఖ్యానం, హదీసు, ఫిఖహ్ బోధిస్తూ, అరబీ, పారసీ భాషల్లో ఎన్నో గ్రంథాలు రచించారు. షరీఅత్‌ను విడిచిన తరీఖత్‌ను ఆయన ఒప్పుకోలేదు.

1356లో గురువు మరణించాక దాదాపు నలభై ఏళ్ళు ఢిల్లీలోనే బోధించారు. 1398లో తైమూర్ దండెత్తి వస్తుండగా ఢిల్లీ విడిచి, గుజరాత్, దౌలతాబాద్‌ల మీదుగా సుమారు 1400లో గుల్బర్గా చేరారు. అప్పటికి ఆయన వయసు ఎనభైకి దగ్గర. బహమనీ సుల్తాన్ ఫిరోజ్ షా మొదట ఎంతో గౌరవించాడు. తర్వాత తన కుమారుణ్ణి వారసునిగా దీవించమని కోరగా ఆయన సమ్మతించలేదని చరిత్రకారుడు ఫరిష్తా రాశాడు. సుల్తాను అలిగినా ఆయన మాట మార్చుకోలేదు. 1422లో ఫిరోజ్ తమ్ముడు అహ్మద్ షా గద్దెనెక్కాడు. అదే ఏడాది, హి. 825 జిల్‌ఖాదా 16న ఆ మహనీయుడు పరమపదించారు. సమాధిపై గొప్ప గుమ్మటాన్ని అహ్మద్ షాయే కట్టించాడు. నేటికీ ఏటా జిల్‌ఖాదా నెలలో అక్కడ ఉర్సు జరుగుతుంది. ముస్లిములతోపాటు ముస్లిమేతరులూ వస్తారు.

సోదర సోదరీమణులారా! సమాధుల దర్శనం మరణాన్ని, పరలోకాన్ని గుర్తుచేస్తుందని దైవప్రవక్త (స) దానికి అనుమతించారు. వెళితే సలాం చెప్పండి, వారి కోసం దుఆ చేయండి. మొక్కు, సజ్దా, సంతానం కోసం, స్వస్థత కోసం చేసే వేడుకోలు అన్నీ అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన తన శిష్యులకు నేర్పింది కూడా అల్లాహ్ దాస్యమే. ఉర్సు కోసం రాత్రంతా ప్రయాణించి, తెల్లవారి ఫజర్ నమాజును నిద్రలో పోగొట్టుకుంటే ఆయన పట్ల చూపిన ప్రేమ ఏపాటిది? బిడ్డకు బందేనవాజ్ అని పేరు పెట్టుకున్న తల్లిదండ్రులు, ఆ బిడ్డకు ఖుర్ఆన్ నేర్పించారా లేదా అని కూడా చూసుకోవాలి.

అల్లాహ్ తన ప్రియదాసుల బాటలో నడిచే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.