సుంకాల కోటకు అభినందనలు

డెన్మార్క్‌లో హెల్సింగోర్ పట్టణం అంచున, మూడు వైపులా నీళ్లున్న నేల మీద నిలిచిన క్రోన్‌బోర్గ్ కోటను 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ కట్టడాల్లో చేర్చింది. ఆ గౌరవానికి పాతికేళ్లు నిండిన రజతోత్సవ వేళ, కోటను కంటికి రెప్పలా కాచుకుంటున్న హెల్సింగోర్ వాసులకు తెలుగునేల నుంచి మనసారా అభినందనలు! షేక్‌స్పియర్ నాటకంలోని హామ్లెట్ కోటగా దీని పేరు లోకమంతటికీ తెలుసు. నాకు దీని మీద మక్కువ కలిగింది మాత్రం ఇది చేసిన కొలువులను చూసి. సుంకం వసూలు చేసింది, రాజులకు విందులు పెట్టింది, రాణిని బంధించింది, సిపాయిలకు నీడనిచ్చింది, ఓడల చరిత్రను భద్రపరిచింది, నాటకాలకు రంగస్థలమైంది. ఏ తరమూ దీన్ని పాడుపెట్టి పోలేదు. పండుగ పూట ముందుగా మెచ్చుకోవలసింది ఆ సంగతినే.

కథంతా నీళ్ల దగ్గర మొదలైంది. డెన్మార్క్‌కూ స్వీడన్‌కూ నడుమనున్న ఓరెసుండ్ జలసంధి ఇక్కడ నాలుగు కిలోమీటర్ల వెడల్పే. బాల్టిక్ సముద్రంలోకి వెళ్లే ఓడలకు ఇదే రాజమార్గం. 1420లలో పొమెరేనియా ఎరిక్ అనే డెన్మార్క్ రాజు ఇక్కడ క్రోగన్ అనే కోట కట్టించి, వచ్చే పోయే ఓడల మీద సుంకం వేశాడు. ఎదుటి ఒడ్డున ఉన్న హెల్సింగ్‌బోర్గ్ కూడా అప్పట్లో డేన్‌లదే కాబట్టి తప్పించుకుపోవడం తేలిక కాదు. 16వ శతాబ్దంలో సరుకు విలువను బట్టి సుంకం కట్టే పద్ధతి వచ్చింది. విలువ ఎంతో ఓడ నాయకుడే చెప్పాలి. అయితే అతను చెప్పిన ధరకే ఆ సరుకు కొనేసుకునే హక్కు రాజుకు ఉండేది. తక్కువ చెబితే సరుకు చేజారుతుంది, ఎక్కువ చెబితే సుంకం పెరుగుతుంది. నిజం చెప్పడమే లాభమయ్యేలా అల్లిన ఈ ఏర్పాటు చూస్తే ఆనాటి సుంకపు అధికారుల తెలివికి మొక్కాలనిపిస్తుంది. వాళ్లు రాసిన చిట్టాలు నేటికీ ఉన్నాయి. ఏ రేవు నుంచి ఏ సరుకు ఎటు కదిలిందో వెతికే చరిత్రకారులకు అవి పెన్నిధి.

ఆ సుంకపు సొమ్ముతోనే రెండో ఫ్రెడరిక్ రాజు 1574 నుంచి 1585 దాకా పాత కోటను రాజసౌధంగా మార్చాడు. క్రోన్‌బోర్గ్ అన్న పేరు పెట్టింది 1577లో, ఆయనే. ఫ్లాండర్స్ నుంచి వచ్చిన వాస్తుశిల్పులు పనిచేశారు. 62 మీటర్ల పొడవైన నాట్యశాల వెలిసింది. దాని గోడలకు డెన్మార్క్ రాజుల బొమ్మలు నేసిన తెరలు వేలాడాయి. 1586లో కొందరు ఇంగ్లిష్ నటులు ఈ కొలువులో ఆడిపాడి వెళ్లారు. వారిలో విల్ కెంప్, జార్జ్ బ్రయన్, థామస్ పోప్ తరవాతి కాలంలో షేక్‌స్పియర్ బృందంలో ఉన్నవాళ్లే. షేక్‌స్పియర్ స్వయంగా ఇక్కడికి వచ్చిన దాఖలా లేదు. కోట కబుర్లు ఆయన చెవిన పడింది ఈ నటుల వల్లనే కావచ్చునని నా నమ్మకం.

1629లో మంటలు లేచి కోట చాలా భాగం బూడిదైంది. గట్టి కమానుల పుణ్యమా అని ప్రార్థనా మందిరం మిగిలింది. నాలుగో క్రిస్టియన్ పట్టు వదలకుండా, ఓడల సుంకం పెంచి మరీ తిరిగి కట్టించాడు. డేనిష్ ఈస్టిండియా కంపెనీని 1616లో స్థాపింపజేసిన రాజు కూడా ఈయనే. ఆ కంపెనీకి తరంగంబాడిలో కోట, మన మచిలీపట్నంలో వర్తక స్థావరం ఉండేవి. కోపెన్‌హాగెన్ నుంచి కోరమాండల్ తీరానికి బయలుదేరిన ఓడలు ఈ జలసంధిలో, ఈ కోట ముందునుంచే సాగిపోయాయి. తెలుగు తీరానికీ ఈ గోడలకూ ఆపాటి చుట్టరికం ఉంది.

1658లో స్వీడన్ సేనలు కోటను పట్టుకుని విలువైన వస్తువులెన్నో మోసుకుపోయాయి. ఆ తరవాత ఇక్కడ రాజవైభవం తగ్గి, కోట బురుజులకే ప్రాధాన్యం పెరిగింది. శిక్షపడ్డ ఖైదీలను బురుజుల మీద వెట్టిచాకిరీకి పెట్టారు. 1772లో ఏడో క్రిస్టియన్ భార్య, ఇరవై ఏళ్ల కరోలైన్ మటిల్డాను ఇక్కడే నిర్బంధించారు. రాజవైద్యుడు స్ట్రూయెన్సేతో ప్రేమ ఆమె మీద మోపిన నేరం. చంటిపాపతో నెలల తరబడి ఇక్కడ గడిపి, ఆపై డెన్మార్క్ విడిచి వెళ్లింది. ఇరవై మూడేళ్లకే కన్నుమూసింది. ఉత్సవ వేళ రాజుల పేర్లతో పాటు ఈమెనూ, పేర్లు మిగలని ఆ ఖైదీలనూ తలుచుకోవడం న్యాయం.

1785లో కోట పూర్తిగా సైనికుల బ్యారక్స్ అయింది. ఈ కాలాన్ని కోటకు పట్టిన శనిగా చెప్పడం కద్దు. నేను ఒప్పుకోను. ప్రార్థనా మందిరంలో సిపాయిలు కసరత్తు చేసిన మాట నిజమే, కత్తిసాము నేర్చిన మాటా నిజమే. కానీ అక్కడి చెక్కడపు బల్లలనూ సామగ్రినీ పారేయకుండా దాచారు కాబట్టే 19వ శతాబ్దంలో వాటిని మళ్లీ యథాస్థానంలో అమర్చగలిగారు. అంతకన్నా గొప్ప పని మరొకటుంది. షేక్‌స్పియర్ మరణించి రెండు వందల ఏళ్లయిన సందర్భంగా 1816లో ఈ కోటలో తొలిసారి హామ్లెట్ ఆడింది ఇక్కడి సైనికులే! కథలోని కోటకూ రాతి కోటకూ ముడివేసిన ఆ పేరు తెలియని సిపాయి నటులకు ఈ రజతోత్సవాన మొదటి దండ వేయాలి. 1937లో ఇంగ్లిష్ నటులు లారెన్స్ ఒలీవియర్, వివియన్ లీ ఇక్కడ హామ్లెట్ ఆడటానికి వచ్చిననాడు వాన కురిసి నాటకాన్ని దగ్గర్లోని హోటల్‌కు మార్చారు గానీ, ఆ సంప్రదాయం ఆగలేదు.

ఓడల సుంకం 1857లో రద్దయింది. కోటను పుట్టించిన పనే పోయింది. 1920లలో సైన్యమూ ఖాళీ చేసింది. అప్పటికే, 1915 నుంచి, నౌకా మ్యూజియం ఇక్కడ కాలూనింది. దాదాపు వందేళ్లకు, 2013లో, ఆ మ్యూజియం పక్కనే కొత్త ఇంటికి మారిన తీరు నన్ను అన్నిటికన్నా ఆకట్టుకుంది. 1882లో మొదలై 1983లో మూతపడ్డ హెల్సింగోర్ నౌకానిర్మాణ కేంద్రంలో ఓడలు మరమ్మతు చేసే డ్రైడాక్ ఖాళీగా పడి ఉంది. బ్యార్కే ఇంగెల్స్ సంస్థ వాస్తుశిల్పులు ఆ గుంత చుట్టూ నేల కింద మ్యూజియం కట్టారు. కోట కనబడకుండా అడ్డొచ్చే ఏ కట్టడమూ నేల మీద లేవనీయలేదు. పెద్దల ఎదుట ఒదిగి కూర్చునే మర్యాద ఆ కట్టడంలో కనబడుతుంది. పాత కోటతో పాటు పనిపోయిన డ్రైడాక్‌కూ బతుకునిచ్చిన పట్టణం అది.

సముద్రపు గాలికి అరిగిన రాళ్లను మార్చే శిల్పులకు, రాగి కప్పు బాగుచేసే పనివారికి, పిల్లలకు కోట కథ చెప్పే గైడ్లకు, సుంకపు చిట్టాలను చదివి విప్పిచెబుతున్న పరిశోధకులకు పేరుపేరునా అభినందనలు. వచ్చే వేసవుల్లో ఈ కోటలో హామ్లెట్ ఆడబోయే నటులందరికీ తెలుగు ప్రేక్షకుల చప్పట్లు ముందుగానే అందుగాక!