గుహవాసిని చూడబోయిన బాటసారి - ఇబ్న్ బతూతా

ప్రపంచ యాత్రికుల పేర్లు చెప్పమంటే స్కూలు పిల్లలు కూడా ఇబ్న్ బతూతా పేరు చెబుతారు. ఢిల్లీలో ఖాజీగా పనిచేశాడని, తుగ్లక్ కాలంనాటి సంగతులు రాశాడని కూడా చెబుతారు. అయితే ఆయన చేతిలో డబ్బు ఎంత ఉండేది, ఏ ఊళ్ళో ఎవరు అన్నం పెట్టారు, ఎవరు ఒంటిమీదికి బట్ట ఇచ్చారు అన్న సంగతి ఎవరూ అంతగా పట్టించుకోరు. మన సంఘం వంటి సంఘాలకు కావలసింది ఆ సంగతే గనుక, ఆ మహాయాత్రికుని జీవితాన్ని ఆ వైపు నుంచి చెప్పుకుందాం.

అబూ అబ్దుల్లా ముహమ్మద్ ఇబ్న్ బతూతా మొరాకో దేశంలోని తంజా పట్టణంలో 1304 ఫిబ్రవరిలో, అనగా హిజ్రీ 703 రజబ్ మాసంలో జన్మించారు. వారిది ఖాజీల వంశం. చిన్నతనంలోనే ధర్మశాస్త్రం చదువుకున్నారు. 1325 జూన్‌లో హజ్ సంకల్పంతో ఇల్లు వదిలారు. అప్పటికి తల్లిదండ్రులు ఇద్దరూ బ్రతికే ఉన్నారు. వెంట స్నేహితుడు లేడు, కలిసి నడవటానికి బిడారు లేదు. 21 ఏళ్ళ కుర్రవాడు ఒంటరిగా బయలుదేరారు.

దారిలో బిజాయా చేరేసరికి జ్వరం పట్టుకుంది. ఆగిపొమ్మని తోటివారు చెప్పినా వినలేదు. చావు రాసి ఉంటే హజ్ దారిలోనే రానిమ్మన్నది ఆయన పట్టుదల. బరువైన సామాను అమ్మివేశారు. ఒక పెద్దమనిషి ఎక్కడానికి జంతువును, తలదాచుకోను గుడారాన్ని ఎరువిచ్చాడు. జ్వరం తీవ్రతకు కిందపడిపోతానేమోనన్న భయంతో తలపాగా గుడ్డతో తనను తాను జీనుకు కట్టుకొని ప్రయాణం సాగించారు. కుసంతీనా పట్టణం దగ్గర పెద్ద వాన కురిసి బట్టలన్నీ బురద అయినాయి. ఆ ఊరి అధికారి చూసి, ఆ బట్టలు ఉతికించమని చెప్పి, చిరిగిపోయిన పై వస్త్రానికి బదులు కొత్త వస్త్రం పంపాడు. దాని కొంగున రెండు బంగారు దీనార్లు ముడివేసి ఉన్నాయి. ప్రయాణంలో ఆయనకు దక్కిన మొదటి సహాయం అది.

ట్యూనిస్‌లో మరొక అనుభవం. ఊరివారు వచ్చి బిడారులోని తమతమ వారిని కౌగలించుకొని సలాములు చెప్పుకుంటున్నారు. ఈయనను పలకరించినవాడు లేడు. కన్నీళ్ళు ఆగలేదు. అది గమనించిన ఒక హజ్ యాత్రికుడు దగ్గరకు వచ్చి, ఊళ్ళోకి వెళ్ళేదాకా కబుర్లు చెబుతూ తోడు నడిచాడు. పరదేశికి అన్నం ఎంత అవసరమో ఒక పలకరింపు అంత అవసరం. ఆ పలకరింపును ఆయన ముప్పయి ఏళ్ళ తరువాత కూడా మరువలేదు. తన గ్రంథంలో రాయించారు.

1326లో డమాస్కస్ చేరి, అక్కడి వక్ఫులు చూసి ఆయన ఆశ్చర్యపోయారు. హజ్‌కు పోలేనివారి తరఫున మరొకరిని పంపడానికి ఒక వక్ఫు. పేద పిల్లల పెళ్ళి సామానుకు ఒకటి. బందీలను విడిపించడానికి ఒకటి. బాటసారులకు తిండి, బట్ట, దారి ఖర్చు ఇవ్వటానికి ఒకటి. ఒకనాడు వీధిలో ఒక బానిస పిల్లవాని చేతిలోని చైనా పింగాణీ పళ్ళెం జారి పగిలింది. యజమాని కొడతాడని పిల్లవాడు వణికిపోతున్నాడు. పగిలిన పాత్రలకోసం కూడా ఒక వక్ఫు ఉన్నదట! ఆ ముక్కలు ఏరుకొని వెళ్ళి చూపిస్తే కొత్త పళ్ళేనికి డబ్బు ఇచ్చారు. పళ్ళెం కొన్నందుకు కాదు, పిల్లవాని మనసు విరగకుండా కాపాడినందుకు ఆ దాతను ఆయన మెచ్చుకున్నారు.

హజ్ పూర్తయినా ఆయన ఇంటిదారి పట్టలేదు. మక్కాలో ఉన్న కాలంలో హిరా, సౌర్ కొండల గుహల విశేషాలు తెలుసుకున్నారు. తోవ చూపేవాడు లేకుండా సౌర్ కొండకు పోయి దారితప్పిన తన మిత్రులు పడ్డ అవస్థను కూడా చెప్పారు. తరువాత యమన్, తూర్పు ఆఫ్రికా, తురుష్క దేశం, మధ్య ఆసియా తిరిగి సింధునది దాటి హిందూస్థానం వచ్చారు.

ఢిల్లీలో అప్పుడు ముహమ్మద్ బిన్ తుగ్లక్ సుల్తానుగా ఉన్నాడు. 1323లో యువరాజుగా ఓరుగల్లును పట్టుకున్న ఉలుఘ్ ఖాన్ ఈయనే. సుల్తాను ఇబ్న్ బతూతాను ఖాజీగా నియమించి సంవత్సరానికి 12,000 దీనార్ల జీతం ఇచ్చాడు. సేవకులు, గుర్రాలు, వైభవం వచ్చినాయి. వాటితోపాటు అప్పులూ వచ్చినాయి. 55,000 దీనార్ల అప్పు చివరకు సుల్తానే తీర్చవలసి వచ్చింది. ఒక్క జ్వరంతో, ఒక్క గుడ్డతో బయలుదేరిన బాటసారి డబ్బు చేరిన తరువాతనే అప్పులపాలు కావడం గమనించదగ్గది.

ఆయన బ్రతుకును మలుపు తిప్పింది ఒక గుహ. షేక్ షిహాబుద్దీన్ అనే మహనీయుడు ఢిల్లీ బయట భూమిలో గుహ తవ్వించుకొని అందులో నివసించేవారు. ఇబ్న్ బతూతా ఆ గుహను చూడటానికి ఒకసారి వెళ్ళారు. తరువాత సుల్తానుకు షేక్ గారిపై ఆగ్రహం కలిగింది. వారిని కలిసినవారిమీద కూడా అనుమానం పడింది. ఇబ్న్ బతూతాకు నలుగురిని కాపలా పెట్టారు. అలా కాపలా పడినవాడు బ్రతికి బయటపడటం అరుదు. ఆయన ఐదురోజులు నీళ్ళు తప్ప ఏదీ ముట్టక రోజా ఉండి, రోజూ ఖురాన్ మొత్తం పారాయణం చేశారు. షేక్ గారికి మరణశిక్ష అమలు జరిగింది. ఈయన మాత్రం అల్లాహ్ దయవలన బయటపడ్డారు.

బయటపడ్డ తరువాత కొలువు వదిలేశారు. ఉన్నదంతా ఫకీర్లకు పంచిపెట్టారు. ఒంటిమీది బట్టలు కూడా ఒక ఫకీరుకు ఇచ్చి అతని బట్టలు తాను కట్టుకున్నారు. గుహలో నివసించటం వలన గారీ అని పేరుపడ్డ షేక్ కమాలుద్దీన్ సన్నిధిలో ఐదు నెలలు గడిపారు. ఆ తరువాతనే సుల్తాను మళ్ళీ పిలిపించి చైనాకు రాయబారిగా పొమ్మన్నాడు.

రాయబారం చక్కగా సాగలేదు. ఇప్పటి అలీగఢ్ దగ్గర దొంగలు పట్టుకున్నారు. అనేక రోజులు అడవిలో, పాడుపడ్డ ఊళ్ళలో ఒంటరిగా తిరిగారు. కాలి బూటును తలపాగా గుడ్డకు కట్టి బావిలోకి దించి నీళ్ళు తోడుకున్నారు. కాలికట్ రేవులో తుఫాను వచ్చి, చైనా చక్రవర్తికి పంపిన కానుకల ఓడ పగిలిపోయింది. సామాను ఉన్న రెండో ఓడ ఆయనను వదిలి వెళ్ళిపోయింది. జుమా నమాజు కోసం ఒడ్డున ఉండటం వలన ప్రాణం దక్కింది. చేతిలో పది దీనార్లు, పరచుకునే తివాచీ మిగిలినాయి.

మాల్దీవులు, సింహళం చుట్టి 1340ల నడుమ బెంగాలు చేరారు. అక్కడ అన్నీ చవక. ఒక దిర్హమ్‌కు ఎనిమిది కోళ్ళు వచ్చేవని లెక్క చెప్పారు. బెంగాలు సుల్తాను ఫఖ్రుద్దీన్ ఢిల్లీకి ఎదురు తిరిగినవాడు గనుక ఆయన దర్బారుకు వెళ్ళలేదు. ఆయన కోరిక వేరు. కామరూప కొండల్లో, గుహలో ఉంటున్న షేక్ జలాలుద్దీన్‌ను చూడాలి. సముద్రతీరం నుంచి అది నెలరోజుల ప్రయాణం. ఇంకా రెండురోజుల దారి ఉన్నదనగా షేక్ గారి శిష్యులు నలుగురు ఎదురువచ్చారు. మగ్రిబ్ దేశపు బాటసారి వస్తున్నాడు, ఎదురేగి తీసుకురండని షేక్ గారే పంపారట.

ఆ గుహ చుట్టూ సేద్యపు భూమి లేదు. గుహ బయట ఒక ఖాన్‌కా ఉన్నది. చుట్టుపక్కల ముసల్మానులు, హిందువులు కూడా వచ్చి కానుకలు ఇస్తారు. వాటితోనే ఫకీర్లకు, వచ్చేపోయేవారికి అన్నం జరుగుతుంది. షేక్ గారు మాత్రం అందులో మెతుకు ముట్టరు. వారికి ఒక ఆవు ఉన్నది. పదిరోజులకొకసారి దాని పాలతో రోజా విడుస్తారు. సన్నగా, పొడుగ్గా ఉన్న ఆ వృద్ధుడు లేచి వచ్చి బాటసారిని కౌగలించుకున్నారు. ట్యూనిస్‌లో పలకరించే దిక్కులేక ఏడ్చిన మనిషికి, ప్రపంచం రెండో కొసన దక్కిన పలకరింపు అది! మూడురోజులు ఆతిథ్యం ఇచ్చారు. తమ ఒంటిమీది మేక వెంట్రుకల అంగరఖాను తీసి ఆయనకు తొడిగారు. ఆ షేక్ గారే నేటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్‌లో సమాధియైయున్న హజ్రత్ షాహ్ జలాల్ (ర.అ.) అని చరిత్రకారుల అభిప్రాయం. 2010 నుండి ఢాకా విమానాశ్రయం వారి పేరనే ఉన్నది.

తిరుగుదారిలో పదిహేను రోజులు నదిలో పడవ ప్రయాణం. ఆ నదిమీద ఫకీర్ల వద్ద పడవ కూలి తీసుకోరాదని, తిండి లేనివారికి తిండి పెట్టాలని ఫఖ్రుద్దీన్ సుల్తాను ఉత్తర్వు. అది చూసిన ఇబ్న్ బతూతా మరువకుండా చెప్పారు. అక్కడినుంచి సముద్రం మీద చైనా వెళ్ళారు.

1348లో తిరిగి డమాస్కస్ వచ్చేసరికి తండ్రి పోయి పదిహేనేళ్ళయిందని తెలిసింది. 1349లో స్వదేశం చేరేముందు తల్లి కూడా ప్లేగుతో కన్నుమూసిందని తెలిసింది. తరువాత గ్రనడా, మాలీ రాజ్యం చూసి 1354లో తిరుగు ప్రయాణం ముగించారు. సుల్తాను అబూ ఇనాన్ ఆజ్ఞపై ఆయన చెబుతుండగా ఇబ్న్ జుజయ్ అనే పండితుడు వ్రాసిన గ్రంథం 1355 డిసెంబరులో పూర్తి అయింది. అందులోని కొన్ని భాగాలను పండితులు సందేహిస్తారు. ఆయన ఎల్లకాలం బీదవాడు కాడన్న మాటా నిజమే. రాజుల సొమ్ము తిన్నారు, అనుభవించారు. 1368-69 ప్రాంతంలో స్వదేశంలోనే పరలోకగతులైనారు.

ఇరవై తొమ్మిదేళ్ళ ప్రయాణానికి తంజా నుంచి తెచ్చుకున్న సొమ్ము ఎన్నాళ్ళు వస్తుంది? ఆయనను నడిపించింది ముక్కూ మొహం ఎరుగని వారి వక్ఫులు, ఖాన్‌కాలు, ఒక కొంగున ముడివేసిన రెండు దీనార్లు. ఖురాన్ షరీఫ్‌లో జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో బాటసారి ఒకడని మనకందరికీ తెలుసు. ఈనాటి బాటసారి గుహలు వెదుక్కుంటూ రాకపోవచ్చు. పెద్దాసుపత్రి వరండాలో పడుకున్న రోగి బంధువు బాటసారియే. పరీక్ష రాయటానికి వచ్చి బస్టాండులో తెల్లవార్లు కూర్చున్న పిల్లవాడు, కూలి వెతుక్కుంటూ వచ్చిన పరాయి రాష్ట్రం మనిషి బాటసారులే. వారు ఏ మతంవారైనా సరే, ఆ గుహ బయట వడ్డించిన అన్నానికి ఆ తేడా లేదు. ఒక గది, ఒక చాప, ఒక పూట అన్నం, అన్నిటికంటె ముందు ఒక పలకరింపు మన చేతనయినంతలో అమర్చగల శక్తిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.