ఆర్నాల్డ్ షోన్‌బెర్గ్

ఆర్నాల్డ్ షోన్‌బెర్గ్ (1874 సెప్టెంబరు 13 - 1951 జూలై 13) ఆస్ట్రియాలో జన్మించిన ప్రసిద్ధ స్వరకర్త, సంగీత గురువు. స్వప్నసదృశమైన కవితలకు ఒక గాత్రం, ఐదుగురు వాద్యకారులతో ఈయన 1912లో స్వరపరచిన "పియరో లునేర్" పాశ్చాత్య సంగీతంలో కొత్త మార్గానికి నాంది పలికింది.

బాల్యం, తొలి జీవితం

ఈయన వియన్నా నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి చెప్పుల దుకాణం నడిపేవాడు. తండ్రి మరణానంతరం చదువు మాని బ్యాంకులో గుమాస్తాగా చేరాడు. సంగీతాన్ని అధికభాగం స్వయంకృషితోనే అభ్యసించాడు. కొంతకాలం అలెగ్జాండర్ జెమ్లిన్‌స్కీ వద్ద శిక్షణ పొంది, 1901లో ఆయన సోదరి మతిల్డెను వివాహమాడాడు. ఆల్బన్ బెర్గ్, ఆంటన్ వెబెర్న్ ఈయన శిష్యులలో ముఖ్యులు. ఒక స్వరాన్ని ఆధారంగా నిలిపి మిగిలినవాటిని నడిపే సంప్రదాయ పద్ధతిని 1908 ప్రాంతంలో విడనాడాడు.

పియరో లునేర్

బెల్జియం కవి ఆల్బర్ట్ గిరాడ్ 1884లో ఫ్రెంచి భాషలో 50 కవితల సంపుటి ప్రచురించాడు. వీటికి నాయకుడు వెన్నెల మత్తులో తిరిగే విదూషకుడు పియరో. నల్లని సీతాకోకచిలుకలు సూర్యుని కప్పివేయడం, కోటుపై పడిన వెన్నెలను మరకగా భ్రమించి పియరో తుడవబోవడం వంటి దృశ్యాలు ఇందులో ఉన్నాయి. నటి ఆల్బర్టీన్ జేమె కోరికపై షోన్‌బెర్గ్ వీటి జర్మను అనువాదం నుండి 21 కవితలను ఎన్నుకొని, ఏడేసి చొప్పున మూడు భాగాలుగా కూర్చాడు.

గాయని ప్రతి స్వరాన్ని తాకిన వెంటనే దానిని విడిచి, మాటవలె పైకో క్రిందికో జారాలి. లయ మాత్రం తప్పరాదు. పాటకు, మాటకు నడుమనున్న ఈ పద్ధతి కవితలలోని కలవంటి వాతావరణానికి సరిగా అమరింది. వేణువు, క్లారినెట్, వయొలిన్, చెల్లో, పియానో ఇందులోని వాద్యాలు. ఏడవ గీతంలో గాత్రానికి తోడుగా వేణువు ఒక్కటే వినిపిస్తుంది.

సుమారు 40 అభ్యాసాల తరువాత, 1912 అక్టోబరు 16న బెర్లిన్‌లో దీనిని తొలిసారి ప్రదర్శించారు. జేమె ఒక్కతే వేదికపై కనిపించగా, వాద్యకారులు తెర వెనుక ఉన్నారు. కొందరు శ్రోతలు ఈసడించారు, మరికొందరు హర్షధ్వానాలు చేసారు. అదే సంవత్సరం దీనిని విన్న స్ట్రావిన్‌స్కీ ఎంతో ప్రభావితుడయ్యాడు. ఈ ఐదు వాద్యాల కూర్పు తరువాతి స్వరకర్తలకు ఒరవడి అయింది.

ప్రవాసం, మరణం

1920వ దశకంలో పన్నెండు స్వరాల పద్ధతిని రూపొందించాడు. 1933లో నాజీలు అధికారానికి రావడంతో బెర్లిన్‌లో ఉద్యోగం కోల్పోయి అమెరికా చేరాడు. 1940లో లాస్ ఏంజెలెస్‌లో పియరో లునేర్‌ను స్వయంగా నిర్వహించి రికార్డు చేయించాడు. 1945లో తన అసంపూర్ణ రచనలు పూర్తిచేయడానికి గుగెన్‌హీమ్ సంస్థను ఆర్థిక సహాయం కోరగా అది లభించలేదు. "మోజెస్ ఉండ్ ఆరోన్" నాటకం అసంపూర్ణంగానే మిగిలింది. 13 అంకెకు జీవితమంతా భయపడిన ఈయన, 13వ తేదీ శుక్రవారం నాడు లాస్ ఏంజెలెస్‌లో మరణించాడు. చితాభస్మాన్ని 1974లో వియన్నాకు తరలించి అక్కడి కేంద్ర శ్మశానవాటికలో ఉంచారు.