లువో రోంగ్‌హువాన్

లువో రోంగ్‌హువాన్ (నవంబర్ 26, 1902 - డిసెంబర్ 16, 1963) చైనా కమ్యూనిస్టు సైన్యానికి చెందిన సేనాని, రాజకీయ అధికారి. 1955లో మార్షల్ హోదా పొందిన పదిమందిలో ప్రధానంగా రాజకీయ విభాగంలో పనిచేసి ఆ స్థాయికి చేరినవాడు ఇతడొక్కడే. ఆ సైన్యపు పెద్ద దళాలలో సేనాధిపతితో పాటు సమాన హోదాగల రాజకీయ కమిసార్ ఉంటాడు. యుద్ధ నిర్ణయాలలో పాలుపంచుకోవడం, సైనికుల రాజకీయ శిక్షణ, క్రమశిక్షణ, ప్రజలతో సత్సంబంధాలు అతని బాధ్యతలు.

తొలి జీవితం

లువో హునాన్ ప్రావిన్సులోని హెంగ్‌షాన్ కౌంటీలో జన్మించాడు. చింగ్‌తావ్‌లోను, తరువాత వుచాంగ్‌లోని సున్ యాట్-సెన్ విశ్వవిద్యాలయంలోను చదివాడు. 1927లో కమ్యూనిస్టు పార్టీలో చేరి, అదే సంవత్సరం మావో జెడాంగ్ నాయకత్వంలో జరిగిన శరత్కాల పంటల తిరుగుబాటులో పాల్గొన్నాడు. ఆ తిరుగుబాటు విఫలమైన పిదప సాన్వాన్ గ్రామంలో మావో మిగిలిన సేనను పునర్వ్యవస్థీకరించాడు. ప్రతి కంపెనీలో పార్టీ శాఖ ఏర్పడింది. అధికారులు సైనికులను కొట్టడం నిషేధించబడింది. అప్పుడు నియమితులైన తొలి కంపెనీ పార్టీ ప్రతినిధులలో లువో ఒకడు. 1930లో నాలుగవ ఎర్ర సైన్యానికి రాజకీయ కమిసార్ అయ్యాడు. అప్పుడు దాని సేనాధిపతి లిన్ బియావ్. తరువాత లాంగ్ మార్చ్‌లోను పాల్గొన్నాడు.

షాన్‌డాంగ్‌లో

జపానుతో యుద్ధం మొదలైన తరువాత లువో 115వ డివిజన్‌లో రాజకీయ బాధ్యతలు వహించి, 1939లో సేనతో షాన్‌డాంగ్ ప్రావిన్సుకు చేరాడు. ఆ సంవత్సరం ప్రావిన్సు నైరుతి భాగాన హుషీ ప్రాంతంలో ట్రాట్‌స్కీవాదుల ఏరివేత పేరిట పార్టీ సభ్యులనే నిర్బంధించి, హింసించి, ఒప్పుకోలు రాబట్టి చంపసాగారు. లువో స్వయంగా అక్కడికి వెళ్ళి మరణశిక్షలు ఆపించి, మిగిలిన ఖైదీలను విడిపించాడు.

1941 నవంబరులో యీమెంగ్ పర్వతాలలోని లియుతియన్ గ్రామం వద్ద డివిజన్ ప్రధాన కార్యాలయాన్ని జపాను సేనలు చుట్టుముట్టాయి. శత్రువుల స్థావరం ఉన్న దక్షిణ దిశగానే బయటపడాలని లువో నిర్ణయించాడు. ఆ దిశలో తమను ఎవరూ ఎదురుచూడరని అతని అంచనా. ఆ రాత్రి దళం వలయాన్ని దాటింది. శత్రువు తమ ప్రాంతంలోకి చొరబడినప్పుడు తాము శత్రువు ప్రాంతంలోకి వెళ్ళాలన్న పద్ధతిని అతడు తరువాత విస్తృతంగా అమలు చేశాడు. 1943లో షాన్‌డాంగ్‌లో సైనిక, రాజకీయ బాధ్యతలు రెండూ అతనికే అప్పగించబడ్డాయి. అప్పటికే మూత్రపిండాల వ్యాధి అతన్ని బాధిస్తూ ఉండేది.

ఈశాన్య చైనా

1945లో జపాను లొంగిపోయిన తరువాత షాన్‌డాంగ్ నుండి 60 వేలకు పైగా సైనికులు భూమార్గాన, సముద్ర మార్గాన ఈశాన్యానికి తరలివెళ్ళారు. లువో కూడా అక్కడికి చేరి లిన్ బియావ్ సేనకు రాజకీయ కమిసార్ అయ్యాడు. 1946లో చికిత్సకై మాస్కో వెళ్ళగా, అక్కడ అతని ఎడమ మూత్రపిండాన్ని తొలగించారు. మరుసటి సంవత్సరం తిరిగి వచ్చి విధులలో చేరాడు.

1948 అక్టోబరు ఆరంభంలో జిన్‌జౌ నగరంపై దాడికి సిద్ధమవుతుండగా కొమింటాంగ్ అదనపు బలగాలు సమీపంలో దిగాయన్న వార్త వచ్చింది. లిన్ బియావ్ సందేహించి, వెనుదిరిగి చాంగ్‌చున్‌పై దాడి చేసే ఆలోచనను తంతి ద్వారా కేంద్రానికి తెలిపాడు. లువో అతనికి నచ్చజెప్పగా, దాడి కొనసాగిస్తామంటూ మరొక తంతి వెళ్ళింది. అక్టోబర్ 15న జిన్‌జౌ పతనమైంది. దానితో ఈశాన్యంలోని కొమింటాంగ్ సేనలకు దక్షిణానికి వెళ్ళే భూమార్గం తెగిపోయింది. నవంబరు ఆరంభానికి ఈశాన్యమంతా కమ్యూనిస్టుల వశమైంది.

1949 తరువాత

చైనా ప్రజా రిపబ్లిక్ ఏర్పడినప్పుడు లువో సర్వోన్నత ప్రజా అభియోగ సంస్థకు తొలి అధిపతి అయ్యాడు. 1950లో సైన్యపు సాధారణ రాజకీయ విభాగానికి డైరెక్టరుగా నియమితుడయ్యాడు. 1956లో పొలిట్‌బ్యూరో సభ్యుడయ్యాడు. అనారోగ్యం వలన అదే సంవత్సరం డైరెక్టరు పదవిని వదులుకున్నా, 1961లో మరల ఆ బాధ్యత స్వీకరించాడు.

అప్పటికి రక్షణ మంత్రిగా ఉన్న లిన్ బియావ్, సైనికులు మావో రచనల నుండి ఎంపిక చేసిన మాటలను కంఠస్థం చేయాలని ప్రోత్సహిస్తున్నాడు. మావో భావాల సారాన్ని గ్రహించాలి గాని విడి వాక్యాలు వల్లిస్తే ప్రయోజనం లేదని లువో విభేదించాడు. 1961లో ఈ విషయమై ఇద్దరికీ సమావేశంలోనే ఘర్షణ జరిగింది. లువో అభిప్రాయం నెగ్గలేదు.

మరణం

లువో 1963 డిసెంబర్ 16న బీజింగ్‌లో 61వ ఏట మరణించాడు. అతని స్మృతిలో మావో వ్రాసిన కవిత 1978లో ప్రచురితమైంది. లువో అధిపతిగా ఉండిన రాజకీయ విభాగమే, అతడు మరణించిన మరుసటి సంవత్సరం మావో సూక్తుల సంకలనాన్ని వెలువరించింది. సాంస్కృతిక విప్లవ కాలంలో ఆ చిన్న ఎర్ర పుస్తకం దేశమంతటా వ్యాపించింది.