పుస్తకం మూసి రాసిన కుర్రాడు – బెంజమిన్ ఫ్రాంక్లిన్

మన బడిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు చదివిన వాళ్లెవరికీ ఇంగ్లీషు పీరియడు ఎలా మొదలయ్యేదో చెప్పనక్కర్లేదు. నల్లబల్ల మీద ఎడమవైపు ఐదు కొత్త మాటలు ఉండేవి. కుడివైపు ఒక గ్రామర్ ఎక్సర్‌సైజు ఉండేది. పీరియడు చివర అరపేజీ సొంతంగా రాయాలి. మరునాడు డిక్టేషన్. తప్పిన ప్రతి మాటా పదిసార్లు రాయాలి. ఆదివారం, పండగ సెలవు తప్ప ఈ వరస మారేది కాదు.

అప్పట్లో అది మాకు శిక్షలాగే తోచేది. తరవాత నేనూ ఇంగ్లీషు టీచరునై, పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతూ ముప్పై ఏళ్లు గడిపాక, ఈ రోజువారీ సాధన గురించి గట్టిగా ఆలోచించిన ఒక పెద్దమనిషి జీవితం చదివాను. ఆయన పిడుగును పట్టిన శాస్త్రవేత్తగా, అమెరికా స్వాతంత్ర్య నాయకుడిగా మనందరికీ తెలిసినవాడే. కానీ బడి పిల్లలకు ఇంగ్లీషు ఎలా నేర్పాలో తరగతి వారీగా రాసిపెట్టాడనీ, చనిపోయే ముందు ఏడాది కూడా ఆ బడి కోసమే పోట్లాడాడనీ చాలామందికి తెలియదు. మన స్వర్ణోత్సవ సంచికకు ఇంతకంటే తగిన జీవితం నాకు తోచలేదు.

బడి మానిన పిల్లవాడు

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1706 జనవరి 17న బోస్టన్ నగరంలో పుట్టాడు. తండ్రి జోసయా ఇంగ్లండు నుంచి వలస వచ్చి కొవ్వొత్తులు, సబ్బులు తయారుచేసి అమ్మేవాడు. ఇద్దరు భార్యల వల్ల ఆయనకు 17 మంది సంతానం. మగపిల్లల్లో ఆఖరివాడు బెంజమిన్. ఎనిమిదో ఏట అతణ్ణి లాటిన్ నేర్పే గ్రామర్ స్కూల్లో వేశారు. ఏడాది తిరక్కుండానే క్లాసులో మొదటివాడయ్యాడు. కానీ అంత పెద్ద కుటుంబంతో కాలేజీ దాకా చదివించలేనని తండ్రి వెనక్కి తగ్గాడు. మామూలు రాత, లెక్కలు చెప్పే బడికి మార్చాడు. అక్కడ చేతిరాత బాగా కుదిరింది కానీ లెక్కల్లో తప్పాడు. పదో ఏట బడి చదువు ముగిసిపోయింది. ఇక కొవ్వొత్తులకు వత్తులు కత్తిరించడం, అంగట్లో కూర్చోవడం, చెప్పిన చోటికి పరుగెత్తడం అతని పని.

ఆ పని అతనికి గిట్టలేదు. పుస్తకాల పిచ్చి చూసి తండ్రి పన్నెండో ఏట అన్న జేమ్స్ అచ్చుకూటంలో అప్రెంటిస్‌గా చేర్చాడు. ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా అక్కడే పనిచేయాలని ఒప్పందం. పుస్తకాల దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్లతో స్నేహం చేసి, సాయంత్రం ఒక పుస్తకం అరువు తెచ్చుకుని, రాత్రంతా చదివి, యజమాని చూడకముందే పొద్దున్నే తిరిగి ఇచ్చేసేవాడు. పుస్తకానికి మరక అంటకుండా చూసుకునేవాడు.

తండ్రి చూపిన లోపం

అతనికి కాలిన్స్ అని ఒక మిత్రుడు. ఇద్దరికీ వాదన అంటే సరదా. ఆడపిల్లలకు పెద్ద చదువులు చెప్పించవచ్చా అని ఒకసారి వాదన వచ్చింది. కాలిన్స్ కూడదన్నాడు, ఫ్రాంక్లిన్ చెప్పించాలన్నాడు. వాదన తెగకుండానే విడిపోయి, మిగతాది ఉత్తరాల్లో సాగించారు. ఆ ఉత్తరాలు తండ్రి కంట పడ్డాయి. ఎవరి పక్షం సరైనదన్న జోలికి ఆయన పోలేదు. స్పెల్లింగులోనూ, కామా ఫుల్‌స్టాపుల్లోనూ కొడుకు మెరుగేనని మెచ్చుకున్నాడు. అది అచ్చుకూటం పుణ్యం. కానీ చెప్పే తీరులో అందం, క్రమం, స్పష్టత మిత్రుడికి ఉన్నంతగా లేవని వాక్యాలు చూపించి మరీ చెప్పాడు.

టీచర్లుగా మనం ఆగి చూడవలసిన చోటు ఇది. కొవ్వొత్తులు చేసుకునే ఒక తండ్రి కొడుకు రాతను చదివాడు. బాగున్నది బాగుందన్నాడు, బాగాలేనిది ఎక్కడ బాగాలేదో వేలు పెట్టి చూపాడు. కొడుకు చిన్నబుచ్చుకోకుండా ఆ లోపం సరిచేసుకోవాలని కూర్చున్నాడు.

రోజువారీ సాధన

అప్పుడే అతనికి స్పెక్టేటర్ అనే పత్రిక సంపుటాల్లో మూడోది ఒక్కటి దొరికింది. అడిసన్, స్టీల్ అనే ఇద్దరు రచయితలు లండన్‌లో 1711, 1712లలో నడిపిన వ్యాసాల పత్రిక అది. ఆ ఇంగ్లీషు అతనికి ఎంతగానో నచ్చింది. అలా రాయడం నేర్చుకోవాలని తనకు తానే ఒక పద్ధతి పెట్టుకున్నాడు.

మొదట ఒక వ్యాసం చదివేవాడు. ఒక్కో వాక్యంలో ఉన్న భావాన్ని ఒకటి రెండు మాటల్లో గుర్తుగా రాసుకునేవాడు. కొన్నాళ్లు దాన్ని పక్కన పెట్టేవాడు. తరవాత పుస్తకం మూసేసి, ఆ గుర్తుల ఆధారంగా మొత్తం వ్యాసాన్ని తన మాటల్లో రాసేవాడు. అప్పుడు పుస్తకం తెరిచి, రెండూ పక్కపక్కన పెట్టుకుని తన తప్పులు తనే దిద్దుకునేవాడు.

ఇలా చేస్తుంటే తన దగ్గర మాటల నిల్వ తక్కువగా ఉందని తెలిసింది. పద్యం రాసేవాడికి గణానికీ ప్రాసకూ సరిపడే మాట కోసం ఒకే అర్థం ఉన్న నాలుగైదు మాటలు వెతుక్కోక తప్పదు కదా! అందుకని కొన్ని కథలను పద్యాలుగా మార్చాడు. అసలు వచనం మరిచిపోయాక ఆ పద్యాలను మళ్లీ వచనంగా మార్చాడు. ఇది అతని వొకాబులరీ పాఠం. ఇంకొన్నిసార్లు రాసుకున్న గుర్తులన్నీ కలగాపులగం చేసేసి, కొన్ని వారాల తరవాత ఏది ముందు, ఏది వెనక అని సరైన వరసలో పేర్చేవాడు. ఆలోచనకు క్రమం నేర్పిన పాఠం అది. ఈ రోజు మన వర్క్‌బుక్కుల్లో వాక్యాలను సరైన క్రమంలో పెట్టమని ఇచ్చే అభ్యాసం ఇదే.

ఎప్పుడోగానీ, ఫలానా చిన్న చోట తన వాక్యం అసలు కంటే బాగుందేమోనని అనిపించేది. ఆ చిన్న సంతోషమే అతణ్ణి ముందుకు నడిపింది.

ఇంతకీ సమయం ఎక్కడిది? పని అయ్యాక రాత్రి, పని మొదలుకాక ముందు తెల్లవారుజామున, ఆదివారం చర్చికి ఎగ్గొట్టినప్పుడు. పదహారో ఏట మాంసం మానేశాడు. తన భోజనానికయ్యే ఖర్చులో సగం తన చేతికిస్తే తిండి తనే చూసుకుంటానని అన్నతో బేరం పెట్టుకుని, అందులోనూ సగం మిగిల్చి పుస్తకాలు కొన్నాడు. మిగతావాళ్లు భోజనానికి వెళితే తాను ఒక రొట్టెముక్క, గుప్పెడు ఎండుద్రాక్ష తిని, మంచినీళ్లు తాగి ఆ ఖాళీ సమయంలో చదువుకునేవాడు. బడిలో తప్పిన లెక్కలను ఆ రోజుల్లోనే సొంతంగా, సులువుగా నేర్చేసుకున్నాడు. ఒక ఇంగ్లీషు వ్యాకరణం కూడా చదివాడు. రాయడం మొదలుపెట్టాకే వ్యాకరణం చేతికి తీసుకున్నాడన్నది గమనించండి.

తలుపు కింద ఉత్తరాలు

1722లో అన్న నడిపే పత్రికకు, అచ్చుకూటం తలుపు కింద నుంచి రాత్రిపూట ఎవరో ఉత్తరాలు తోసి వెళ్లేవారు. రాసింది సైలెన్స్ డూగుడ్ అనే నడివయసు వితంతువు. మొత్తం 14 ఉత్తరాలు వచ్చాయి. ఊళ్లో పెద్దలు చదివి మెచ్చుకున్నారు. ఆ వితంతువు ఎవరో కాదు, పదహారేళ్ల బెంజమినే. తన పేరుతో ఇస్తే అన్న వేయడని దస్తూరీ మార్చి రాశాడు. పక్కన నిలబడి ఆ మెప్పు వింటూ ఎంత పొంగిపోయాడో ఊహించుకోవచ్చు.

అన్నతో పొసగక, ఒప్పందం మీరి 1723లో ఫిలడెల్ఫియాకు పారిపోయాడు. తరవాతి కథ లోకానికి తెలిసిందే. సొంత అచ్చుకూటం, వార్తాపత్రిక, పాతికేళ్లు నడిచిన పంచాంగం, 1731లో చందాలతో మొదలైన గ్రంథాలయం, విద్యుత్తు మీద ప్రయోగాలు. 1727లో మిత్రులతో పెట్టిన సంఘంలో కూడా ప్రతి సభ్యుడూ మూడు నెలలకు ఒకసారి సొంత వ్యాసం రాసి చదవాలని నియమం పెట్టాడు.

ఆరు తరగతుల ప్రణాళిక

1749లో ఫిలడెల్ఫియాలో ఒక అకాడమీ పెట్టాలని ప్రతిపాదన అచ్చువేశాడు. చేతిపనుల వాళ్ల పిల్లలు, వ్యాపారుల పిల్లలు ఇంగ్లీషులోనే బాగా చదివి, రాసి, మాట్లాడడం నేర్చుకోవాలన్నది అతని కోరిక. డబ్బిచ్చే పెద్దలు లాటిన్, గ్రీకు ఉండాలని పట్టుబట్టారు. సరే, రెండూ ఉంటాయని రాజీపడ్డాడు. 1751లో అకాడమీ తెరిచారు. ఆ ఏడాదే ఇంగ్లీషు విభాగానికి ఆరు తరగతుల ప్రణాళిక రాశాడు.

మొదటి తరగతిలో వ్యాకరణ సూత్రాలు, స్పెల్లింగు. ఇంచుమించు సమానంగా ఉన్న ఇద్దరిద్దరు పిల్లల్ని జత చేయాలి. ఒకరు ఒకరికి రోజూ పది మాటలు ఇచ్చి స్పెల్లింగు అడగాలి. ఎక్కువ మాటలు సరిగా చెప్పినవాడు ఆ రోజు విజేత. నెలలో ఎక్కువ రోజులు గెలిచినవాడికి ఒక మంచి పుస్తకం బహుమతి. రెండో తరగతిలో అర్థం తెలుసుకుని, గొంతు తగ్గించి పెంచి చదవడం, చిన్న వ్యాసాలను విడదీసి అర్థం చేసుకోవడం. కష్టమైన మాటలకు ప్రతి పిల్లవాడి దగ్గరా ఒక ఇంగ్లీషు డిక్షనరీ. మూడో తరగతిలో సరిగా మాట్లాడడం, చరిత్ర పుస్తకాలు చదవడం.

నాలుగో తరగతిలో సొంత రాత. అది పెద్ద పెద్ద విషయాల మీద వ్యాసాలతో కాక, ఉత్తరాలతో మొదలవుతుంది. పిల్లలు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకోవాలి. జరిగిన సంగతులు, చిన్న కథలు, ఈమధ్య చదివినదానిలో ఏది నచ్చింది, ఎందుకు నచ్చింది అన్నవి రాయాలి. ఆడంబరమైన మాటలు లేకుండా, సూటిగా, సహజంగా ఉండాలి. ప్రతి ఉత్తరమూ టీచరు చేతిమీదుగా వెళ్లాలి. టీచరు తప్పు చూపాలి, ఎలా దిద్దాలో చెప్పాలి, బాగున్నదాన్ని మెచ్చుకోవాలి. ఒకనాడు తన తండ్రి తనకు చేసినదాన్నే ఫ్రాంక్లిన్ ఇక్కడ నియమంగా రాసిపెట్టాడు. ఐదో తరగతిలో వ్యాసం, అప్పుడప్పుడు పద్యం. కవుల్ని తయారుచేయడానికి కాదు, ఒకే సంగతిని పలు రకాలుగా చెప్పడం అలవాటు కావడానికి. ఆరో తరగతిలో గొప్ప రచయితల పుస్తకాలు.

స్పెల్లింగులతో పిల్లలు పడే బాధ కూడా ఆయనకు తెలుసు. 1768లో, పలికినట్టే రాసే కొత్త ఇంగ్లీషు అక్షరమాల ఒకటి తయారుచేశాడు. ఆరు పాత అక్షరాలు తీసేసి, ఆరు కొత్తవి చేర్చాడు. అది నిలబడలేదు.

ముసలితనంలో ఒక ఫిర్యాదు

ఆయన ప్రణాళికకూ దాదాపు అదే గతి పట్టింది. మొదటి ఇంగ్లీషు అధ్యాపకుడి కాలంలో పిల్లలు బాగా చేరారు. కానీ ధర్మకర్తల మనసంతా లాటిన్ మీదే. లాటిన్ అధ్యాపకుడికి ఏటా 200 పౌండ్ల జీతం, పైగా బడికి పెద్ద అన్న హోదా. అంతకంటే ఎక్కువమంది పిల్లలకు చెప్పే ఇంగ్లీషు అధ్యాపకుడికి 100 పౌండ్లు. లాటిన్, గ్రీకు పుస్తకాలకు వెంటనే డబ్బు మంజూరైంది, ఇంగ్లీషు పుస్తకాలకు లేదు. 1757 నుంచి ఫ్రాంక్లిన్ జీవితం చాలాభాగం లండన్‌లో, తరవాత పారిస్‌లో గడిచింది. అడిగేవాడు లేక ఇంగ్లీషు విభాగం చిక్కిపోయింది.

1789లో, 83వ ఏట, మూత్రాశయంలో రాళ్లతో మంచం పట్టి ఉండి కూడా ఆయన పాత మినిట్స్ పుస్తకాలు తిరగేయించి, ఏ సమావేశంలో ఏ మాట ఇచ్చి ఎలా తప్పారో వరసగా చూపుతూ ఒక పెద్ద పత్రం రాశాడు. లాటిన్‌ను అందులో టోపీతో పోల్చాడు. ఒకప్పుడు తల కప్పుకోవడానికి అందరూ టోపీ పెట్టుకునేవారు. తరవాత పౌడరు పూసిన విగ్గులు వచ్చి, అవి చెదురుతాయని టోపీ తలకెక్కడం మానేసింది. అయినా పెద్దమనుషులు దాన్ని చంకలో పెట్టుకుని తిరుగుతూనే ఉన్నారు. ఇది చదివినప్పుడు నాకు వాడుకలో ఉన్న తెలుగు బడిలోకి రావాలని పోరాడిన మన గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొచ్చారు.

ఆయనలో తప్పులు లేవని కాదు. చాలాకాలం తన ఇంట బానిసల్ని ఉంచుకున్నాడు. తన పత్రికలో బానిసల అమ్మకం ప్రకటనలు వేశాడు. తరవాత మనసు మారి, 1787లో బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడై, 1790 ఫిబ్రవరిలో బానిస వ్యవస్థను తొలగించాలని కాంగ్రెసుకు అర్జీ పెట్టాడు. తన జీవితంలోని పొరపాట్లను ఆయన అచ్చుకూటం భాషలో అచ్చుతప్పులు అనేవాడు. దిద్దుకోవడం ఆయనకు రాతలోనే కాదు, బతుకులోనూ అలవాటే. కొన్ని దిద్దుకోవడానికి చాలా ఆలస్యమైంది.

1790 ఏప్రిల్ 17న కన్నుమూశాడు. తాను చదివిన బోస్టన్ ఉచిత పాఠశాలలకు వీలునామాలో 100 పౌండ్లు రాశాడు. ఆ సొమ్ము మీద వచ్చే వడ్డీతో ఏటా పిల్లలకు వెండి పతకాలు ఇవ్వాలన్నాడు. ఆయన స్థాపించిన అకాడమీ నేడు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం.

మన బడికి

ఆ ఇంగ్లీషు విభాగం కట్టడం లేక దెబ్బతినలేదు. రోజూ పిల్లల రాత చదివి దిద్దే మనిషిని నిలబెట్టుకోలేక దెబ్బతింది. మన సంఘం ఈ యాభై ఏళ్లలో గదులు కట్టించింది, బెంచీలు చేయించింది. అవన్నీ అవసరమే. ఇప్పుడు ఒక టీచరు చేతిలో ఎన్నో నోటుపుస్తకాలు ఉంటున్నాయి. అన్నీ చదివి, ప్రతి పిల్లవాడికీ ఎక్కడ తప్పాడో చెప్పడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ముప్పై ఏళ్లు ఆ పని చేసినవాణ్ణి గనక చెబుతున్నాను.

అందుకని ఈ స్వర్ణోత్సవ సందర్భంలో సంఘానికి ఒక విన్నపం. ఏడో తరగతి పిల్లలు నెలకు ఒక ఉత్తరం ఇంగ్లీషులో మనలో ఒకరికి రాస్తారు. హైదరాబాదులో ఉన్నా, అమెరికాలో ఉన్నా, ఊళ్లోనే వ్యవసాయం చేసుకుంటున్నా సరే, అందుకున్నవాళ్లు రెండు తప్పులు దిద్ది, ఒక మంచి వాక్యాన్ని మెచ్చుకుని, టీచరుగారి ద్వారా జవాబు పంపాలి. దీనికి ఖర్చు లేదు, అరగంట చాలు. తొలి ఉత్తరాలకు జవాబు రాసే పని నేను తీసుకుంటాను. నాతో పాటు పదిమంది పేర్లిస్తే వచ్చే నెల నుంచే మొదలుపెడదాం.