గణితం మాస్టారి జమాఖర్చులు

తల్లిదండ్రులారా, మీ అమ్మాయి కామర్స్ తీసుకుంటానంటే లెక్కలకు భయపడిందనుకుంటున్నారా? అయితే లూకా పాచోలీ గురించి తెలుసుకోండి.

ఇటలీలో పుట్టిన ఈయన వెనిస్‌లో ఒక వర్తకుడి కొడుకులకు పాఠాలు చెప్పారు. తర్వాత క్రైస్తవ సన్యాసి అయ్యారు. 1494లో అచ్చయిన తన గణిత గ్రంథంలోనే జంటపద్దు విధానాన్ని వివరించారు. దాన్ని ఆయన కనిపెట్టలేదు. వర్తకులు అప్పటికే వాడుతున్నదాన్ని పండితుల లాటిన్‌లో కాకుండా జనం భాషలో, చిట్టా నుంచి ఆవర్జా దాకా విడమరిచి చెప్పారు. లియొనార్డో డావించీకి గణితం నేర్పిందీ ఈయనే.

నేడు బీకాంలో కార్పొరేట్ అకౌంటింగ్ చదివేవారు షేర్లు, డిబెంచర్ల పద్దులు రాసేది ఆ పద్ధతిలోనే: ప్రతి డెబిట్‌కూ సమానంగా క్రెడిట్. కామర్స్ అంటే గణితాన్ని వదిలేయడం కాదు. వద్దనే ముందు, ఎందుకు కావాలంటోందో మీ అమ్మాయినే అడగండి.