లెక్కల్లో తేడా వచ్చిన తహసీల్దారు

కొత్తగూడెంలో రైలు దిగితే బోర్డు మీద భద్రాచలం రోడ్ అని ఉంటుంది. మొదటిసారి మా ఊరు వచ్చిన ఫ్రెండ్ స్టేషన్ తప్పామనుకుని కంగారుపడ్డాడు. గుడి అక్కడి నుంచి ఇంకా 40 కిలోమీటర్లు. దారిలో పాల్వంచ వస్తుంది. అందరికీ పాల్వంచ అంటే థర్మల్ స్టేషనే, నాకు మాత్రం కంచర్ల గోపన్న గుర్తొస్తాడు. మనందరికీ తెలిసిన పేరు రామదాసు.

17వ శతాబ్దం మనిషి, నేలకొండపల్లిలో పుట్టాడు. మేనమామలు అక్కన్న, మాదన్న గోల్కొండ సుల్తాను తానీషా కొలువులో పెద్ద పదవుల్లో ఉన్నారు. వాళ్ళ సిఫారసుతోనే పాల్వంచ పరగణాకి తహసీల్దారయ్యాడంటారు. భద్రాచలంలో రాముడికి గుడి మొదలుపెట్టాడు. చందాలు చాలలేదు, శిస్తు డబ్బు వాడేశాడు. భక్తుడే కావచ్చు, కానీ ఖజానా డబ్బు అడక్కుండా తీయడం తప్పే కదా! గోల్కొండ కోటలో 12 ఏళ్ళు జైలు. అంటే మన బీటెక్ మూడుసార్లు.

ఆ పాటల గురించి చెప్పాలి. జైలు పాటలంటే ఏడుపే ఉంటుందనుకున్నాను. ఒక కీర్తనలో ఈయన ఏకంగా రాముడికే బిల్లు వేస్తాడు. భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి మొలతాడు, సీతమ్మకి చింతాకు పతకం, దేనికెంతయిందో వరసగా. కోపంతో తిడతాడు. వెంటనే, దెబ్బలకి తట్టుకోలేక అన్నాను, ఏమీ అనుకోకు అని బతిమాలతాడు. ఇంకో పాటలో సీతమ్మని సిఫారసు చేయమంటాడు. ఉద్యోగం వచ్చిందీ సిఫారసుతోనే మరి!

అర్జీ, లెక్కల చిట్టా, తగాదా, ప్రార్థన, అన్నీ ఒకే గొంతులో కలిపేశాడు. అదీ మనం ఇంట్లో మాట్లాడే తెలుగులో. ఛందస్సు రాక కాదు, దాశరథీ శతకం పద్యాలు రాసింది కూడా ఈయనే. అందుకేనేమో ఆ కీర్తనలు ఊళ్ళో భజనలో చిడతలకీ సరిపోతాయి, బాలమురళీకృష్ణ కచేరీకీ సరిపోతాయి. త్యాగరాజు కూడా ఈయన్ని భక్తితో తలుచుకున్నాడు.

రామలక్ష్మణులే రాత్రి వచ్చి ఆరు లక్షలు కట్టి విడిపించారని కథ. నమ్మడం మీ ఇష్టం. బయటికొచ్చాక మిగతా జీవితం భద్రాచలంలో రాముడి సేవలోనే గడిపాడంటారు.

తానీషా సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. 1687లో ఔరంగజేబు గోల్కొండని గెలిచి ఆయన్ని దౌలతాబాద్ కోటలో పెట్టాడు. చనిపోయేదాకా అక్కడే ఖైదీ. ఆయన మొదలుపెట్టాడని చెప్పే ముత్యాల తలంబ్రాలు మాత్రం ప్రతి శ్రీరామనవమికీ ప్రభుత్వం తరఫున భద్రాచలం వస్తూనే ఉన్నాయి.